కొత్త రోడ్డు మీద సైకిల్ ఎందుకు జారింది?

ప్రశ్న: తొమ్మిదో తరగతి చదువుతున్న మా అమ్మాయి రోజూ నాలుగు కిలోమీటర్లు సైకిల్ తొక్కుకుంటూ హైస్కూలుకు వెళ్తుంది. బడులు తెరిచే ముందు మా గుంతల రోడ్డు మీద మళ్లీ తారు వేశారు. వారం తిరక్కుండానే చెరువు మలుపులో సైకిల్ జారి పడి, మోకాలు చీరుకుపోయింది. అక్కడ సన్న కంకర తేలి ఉంది. గుంతలున్నప్పుడు పడని పిల్ల కొత్త రోడ్డు మీద ఎందుకు పడింది?
– ఒక పాఠకురాలు, గుంటూరు జిల్లా

జవాబు: తప్పు మీ అమ్మాయిది కాదు. మీరు చెప్పినదాన్ని బట్టి అది వేడి తారు చిమ్మి, దాని మీద చిప్స్ (సన్న కంకర) చల్లి, రోలర్ తిప్పే సర్ఫేస్ డ్రెస్సింగ్ పద్ధతి అయి ఉండాలి. ఖర్చు తక్కువ, పాత రోడ్డులోకి నీరు దిగకుండా కాపాడుతుంది, వానలో పట్టు కూడా బాగానే ఇస్తుంది. అయితే చల్లిన చిప్స్ అన్నీ తారుకు అంటుకోవు. అంటుకోనివాటిని లారీలు, ఆటోల చక్రాలు పక్కకు చిమ్మగా, అవి రోడ్డు అంచునా మలుపుల్లోనూ, అంటే సరిగ్గా సైకిల్ నడిచే చోటే పోగుపడతాయి. కారుకు నాలుగు చక్రాలున్నాయి కనుక ఒకటి జారినా నిలుస్తుంది. మలుపులో వాలిన సైకిల్ ముందు చక్రం కింద రాయి దొర్లితే ఇక ఆపుకోవడం ఉండదు. బ్రిటన్‌లో ఇలాంటి పని జరిగిన చోట కొద్ది రోజులపాటు గంటకు 20 మైళ్లు మించవద్దని బోర్డులు పెట్టి, మిగిలిన కంకరను ఊడుస్తారు. ఆ ఊడ్చే పని చేయనంతవరకు రోడ్డు పూర్తయినట్టు కాదని నా గట్టి అభిప్రాయం.

ఇంకో పద్ధతి, ప్లాంటులో కలిపిన వేడి తారు-కంకర మిశ్రమాన్ని పేవర్ అనే పరిచే యంత్రంతో వేసే బిటుమినస్ కాంక్రీటు, సైకిల్‌కు ఎంతో హాయి. కాకపోతే పాత పొరను గీకకుండా దాని మీదే 30, 40 మిల్లీమీటర్ల మందాన మళ్లీ మళ్లీ వేస్తూ పోతే, పక్కనున్న మట్టి కిందే ఉండిపోయి రోడ్డు అంచు మెట్టులా తయారవుతుంది. బస్సుకు దారి ఇవ్వడానికి మట్టిలోకి దిగిన పిల్ల, ఆపకుండా ఏటవాలుగా పైకెక్కబోతే ముందు చక్రం ఆ అంచును రాసుకుంటూ పోతుందే తప్ప ఎక్కదు, సైకిల్ రోడ్డు మీదికే, వెనక వస్తున్న బండి ముందుకే పడుతుంది. కంకర కంటే నన్ను ఎక్కువ భయపెట్టేది ఇదే.

కనుక పంచాయతీ ద్వారా ఇంజనీరుగారికి ఇచ్చే అర్జీలో రెండే అడగండి: మలుపుల్లో, అంచుల్లో మిగిలిన చిప్స్ ఊడ్పించడం, రోడ్డు ఎత్తుకు సమంగా పక్కన మట్టి పోయించి రోలర్‌తో తొక్కించడం. అమ్మాయికి మాత్రం, మలుపు రాకముందే వేగం తగ్గించాలనీ, కంకర మీద ముందు బ్రేకు పట్టకూడదనీ, మట్టిలోకి దిగితే సైకిల్ ఆపి, నడిపించుకుని ఎక్కాలనీ చెప్పండి. టైర్లలో గాలి మరీ బిగువుగా కొట్టించకపోతే, ఈ గరుకు రోడ్డు మీద చేతుల తిమ్మిరి కూడా తగ్గుతుంది.