మూడో రోజున రాలిపోయే పిల్లలు

ప్రశ్న: ఒకరోజు వయసున్న కోడిపిల్లల్ని 50 తెచ్చాం. రెండు రోజులు చలాకీగా తిరిగాయి. మూడో రోజు రెండు, నాలుగో రోజు నాలుగు, ఐదో రోజు మూడు చనిపోయాయి. బల్బు ఆర్పలేదు, దాణా, నీళ్లు ఎప్పుడూ నిండుగానే పెట్టాం. ఏం మందు వేయాలి?

జవాబు: మందు సంగతి తర్వాత, ముందు మీరు రాసిన రోజులు చూడండి. గుడ్డు పగిలే ముందు పిల్ల మిగిలిన పచ్చసొనను కడుపులోకి లాక్కుంటుంది. ఆ సొనతో రెండు మూడు రోజులు ఏమీ తినకుండానే నెట్టుకొస్తుంది. అందుకే మొదట్లో అన్నీ బాగానే కనిపిస్తాయి. తినడం అలవాటు కాని పిల్ల సొన అయిపోగానే పడిపోతుంది. తొట్టి నిండుగా ఉన్నంత మాత్రాన పిల్ల తిన్నట్టు కాదు. మొదటి వారంలో నూటికి ఒకటి రెండు పోవడం మామూలే గానీ, 50లో తొమ్మిదంటే ఎక్కడో లోపముంది.

చనిపోయిన పిల్లను చేతిలోకి తీసుకోండి. తేలిగ్గా ఉండి, కాళ్లు ఎండి, మెడ కింది మేతసంచి ఖాళీగా ఉంటే అది ఆకలిచావే. పొట్ట ఉబ్బి, బొడ్డు తడిగా, కుళ్లు వాసన వస్తుంటే సొనకు సూక్ష్మజీవులు సోకాయన్నమాట. గుడ్లు గానీ, పొదిగే యంత్రం గానీ మురికిగా ఉన్నప్పుడు ఇలా అవుతుంది. అలాంటి పిల్లలు బతకడం కష్టం, పిల్లల్ని ఇచ్చినవారికి ఈ సంగతి చెప్పండి. కారణం తెలియకుండా అన్నిటికీ యాంటీబయాటిక్ పోయడం డబ్బు దండగ. ఒకటి రెండు పిల్లల్ని పశువైద్యుడి చేత కోయించి చూపిస్తే తేలిపోతుంది.

ఆకలిచావుకు అసలు కారణం చాలాసార్లు చలి. చలిపట్టిన పిల్ల బల్బు కిందే ముడుచుకుంటుంది తప్ప దాణా దగ్గరికి పోదు. బల్బు వెలుగుతోందా అని కాదు, పిల్లల వీపు ఎత్తులో థర్మామీటర్ ఎంత చూపిస్తోందో చూడాలి. మొదటి వారం 35 డిగ్రీల సెల్సియస్ దాకా ఉండాలి, ఆపై వారానికి మూడేసి డిగ్రీలు తగ్గించాలి. పిల్ల పాదాన్ని మీ చెంపకు ఆనించండి, చల్లగా తగిలితే వేడి చాలడం లేదు. దూరంగా జరిగి, రెక్కలు వాల్చి, నోరు తెరిస్తే వేడి ఎక్కువైంది. తెల్లవారుజామున ఒకసారి లేచి చూడండి. మూలల్లో ఒకదానిమీద ఒకటి ఎక్కితే అడుగునున్నవి ఊపిరాడక పోతాయి, అందుకే చుట్టూ అట్టను గుండ్రంగా కట్టాలి.

ఈసారి పిల్లలు రావడానికి 24 గంటల ముందే బల్బు వేసి ఊకను వెచ్చబెట్టండి. ఊకపై కాగితం పరిచి దాణా దానిమీదే చల్లండి. ముందు గోరువెచ్చని నీళ్లు, ఒక్కో పిల్ల ముక్కు ముంచి వదలాలి. నీళ్ల పళ్లెంలో గులకరాళ్లు వేస్తే మునిగి చావవు. ఆ రాత్రి పదిహేను పిల్లల మేతసంచులు తడిమి చూడండి. మెత్తగా నిండి ఉంటే తిని తాగినట్టు, గట్టిగా ఉంటే నీళ్లు తాగనట్టు, ఖాళీగా ఉంటే రెండూ లేనట్టు.

ప్రశ్న: పిల్లల వెనక భాగాన రెట్ట ఎండి అంటుకుపోయింది. లాగేయవచ్చా?

జవాబు: లాగితే చర్మం ఊడొస్తుంది. గోరువెచ్చని నీళ్లలో తడిపిన దూదితో నానబెట్టి తుడిచి, పూర్తిగా ఆరాకే గుంపులోకి వదలండి. పొట్టకింద ఉండే బొడ్డు పక్కును రెట్ట అనుకుని గిల్లకండి, అది దానంతటదే రాలుతుంది.