లక్ష రూపాయల కిట్టు కొనాలా, టీచర్‌గారూ?

(చిన్నపిల్లల చదువు గురించి ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో మూడింటికి జవాబులు.)

ప్రశ్న: మాది విజయనగరం. ఇంటి కింద పోర్షన్‌లో ప్లే స్కూల్ నడుపుతున్నాను. మూడు నుంచి ఐదేళ్ల పిల్లలు 26 మంది ఉన్నారు. మొన్న ఒక కంపెనీ అబ్బాయి వచ్చి, "మా కరిక్యులమ్ తీసుకోండి మేడమ్, మాంటిస్సోరి, ప్లే వే అన్నీ కలిపి ఉంటాయి, ఏ రోజు ఏం చెప్పాలో కూడా రాసి ఉంటుంది" అన్నాడు. లక్ష పైనే అవుతుందట. పక్క వీధి స్కూలు వాళ్లు తీసేసుకున్నారు. నేను తీసుకోకపోతే పేరెంట్స్ అటు వెళ్లిపోతారేమోనని టెన్షన్. ఏ పద్ధతి మంచిది? సొంతంగా తయారు చేసుకోవచ్చా?

జవాబు: ముందు ఆ చెక్కు రాయడం ఆపండమ్మా.

"అన్నీ కలిపి" అన్నాడు చూశారా, నాకు అక్కడే అనుమానం వచ్చింది. మాంటిస్సోరిగారు 1907లో రోమ్‌లో పేదల వాడలో బడి తెరిచి మొదలుపెట్టిన పద్ధతిలో ఒక్కో వస్తువుకీ ఒక్కో పని ఉంటుంది. గులాబీ రంగు ఘనాలు పది ఉంటాయి, ఒక సెంటీమీటరు నుంచి పది సెంటీమీటర్ల దాకా, పిల్లవాడు వాటిని చేత్తో ఎత్తి, బరువు చూసుకుంటూ, పెద్దదాని మీద చిన్నది పేర్చుకుంటూ పోవాలి. తప్పు పేరిస్తే చూడగానే వాడికే తెలుస్తుంది, మనం చెప్పక్కర్లేదు. అదే ఘనాల బొమ్మ పుస్తకంలో అచ్చు వేసి "పెద్దదానికి టిక్ పెట్టు" అంటే ఇంక అందులో ఏం మిగిలినట్టు? ఆ అబ్బాయి చూపించిన పుస్తకాలు ఒకసారి తిరగేయండి, నూటికి తొంభై పేజీలు ఈ టిక్కులూ గీతలే అయితే పైన ఏ పేరు రాసినా ఒకటే.

ఇంకో మాట. మాంటిస్సోరి పద్ధతిని మనవాళ్లు ఉన్నదున్నట్టు దించుకోలేదు. గుజరాత్‌లో గిజుభాయి బధేకా అని, వకీలు పని మానేసి పిల్లల చదువులోకి వచ్చినాయన, 1920లో భావనగర్‌లో బాలమందిర్ పెట్టి, మాంటిస్సోరి దగ్గర పెద్దగా చోటు లేని కథలూ నాటకాలూ తెచ్చి కలిపాడు. ఆయనతో పనిచేసిన తారాబాయి మోదక్ తర్వాత మహారాష్ట్ర తీరంలో పిల్లల వాడకే వెళ్లి, వాళ్ల వాకిట్లోనే బడి పెట్టింది. కొలత తీసి కుట్టుకోవడం అంటే అదీ. సొంతంగా చేసుకోవచ్చా అని అడిగారు కదా, ఇంతకంటే ధైర్యం ఏం చెప్పను.

తయారు చేసుకునే దారులు ముఖ్యంగా రెండు. ఒకటి పైనుంచి కిందికి: ఐదేళ్లు నిండేసరికి పిల్లలకు ఏం రావాలో రాసుకుని, అక్కడి నుంచి ఏడాదికి, నెలకు, వారానికి పంచుకుంటూ రావడం. 2022లో మూడు నుంచి ఎనిమిదేళ్ల వాళ్ల కోసం వచ్చిన జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం ఇలాగే ఉంటుంది, 13 లక్ష్యాలు, వాటి కింద సామర్థ్యాలు, వాటి కింద నేర్వాల్సినవి. నెట్‌లో ఊరికే దొరుకుతుంది, లక్ష అక్కర్లేదు. రెండోది పిల్లల దగ్గర నుంచి పైకి. ఇటలీలో రెజియో ఎమిలియా అనే ఊళ్లో రెండో ప్రపంచ యుద్ధం అయ్యాక తల్లిదండ్రులే పూనుకుని బళ్లు కట్టుకుంటే, లోరిస్ మలగుజ్జి అనే ఆయన వాటికి పెద్ద దిక్కయ్యాడు. అక్కడ ముందే రాసిపెట్టుకున్న సిలబస్ అంటూ ఉండదు. పిల్లలు ఏం మాట్లాడుతున్నారో, దేని మీద పడుతున్నారో టీచర్లు రాసుకుంటారు, దాన్నిబట్టి పని వారాల తరబడి సాగుతుంది.

నా సలహా ఏంటంటే, లక్ష్యాలు మీ రిజిస్టర్‌లో ఉంచుకోండి, పాఠం మాత్రం వీధిలోంచి తెచ్చుకోండి. మీ ఊళ్లోనే చూడండి, దసరా వెళ్లిన మంగళవారం పైడితల్లి జాతరలో పొడుగు మాను చివర పూజారిని కూర్చోబెట్టి ఊరేగించే సిరిమాను అయ్యాక నాలుగు రోజులు ప్రతి ఇంట్లోనూ పిల్లలు సిరిమాను ఆటే ఆడతారు, కర్ర చివర బొమ్మని కట్టి తిప్పుతారు. ఆ వారం మీ ప్లాన్‌లో "రవాణా సాధనాలు" అని ఉందనుకోండి, పక్కన పడేయండి. ఎంత పొడుగు కర్రైతే బొమ్మ ఎంత పైకి లేస్తుంది, ఇటువైపు ఎంత బరువు పెడితే అటు లేస్తుంది, గుడి నుంచి కోటకి మూడుసార్లు తిరిగింది కదా, లెక్కపెడదామా, ఊరేగింపులో పాలధార ముందా తెల్ల ఏనుగు ముందా. పూజారిగా ఎవరుండాలో తేలక కాసేపు కొట్టుకుంటారు కూడా, కొట్టుకోనివ్వండి, వంతులు వేసుకోవడం అక్కడే నేర్చుకుంటారు. వారం చివర రిజిస్టర్ తీసి చూస్తే కొలత, లెక్క, వరస, మాట, కలిసి ఆడటం, ఇన్ని లక్ష్యాలకు ఎదురుగా టిక్ మీరే పెట్టుకోవచ్చు. టిక్కులు మీకు, ఆట వాళ్లకు.

ఈ మాట ఊరికే అనడం లేదు. కొత్తలో నేను సముద్రం ఒడ్డున ఉన్న ఒక బడిలో పనిచేసేదాన్ని. ట్రైనింగ్‌లో ఇచ్చిన వారం ప్లాన్‌లో "చలికాలం, ఉన్ని దుస్తులు" అని ఉంటే స్వెటరు బొమ్మ గీసి మూడు రోజులు చెప్పాను. నాలుగో రోజు ఒక గుంటడు లేచి, "టీచరూ, అది వలా?" అని అడిగాడు. వాడి కళ్లకి అల్లిందేదైనా వలే మరి. అప్పుడు సిగ్గుపడి ప్లాన్ మార్చాను.

రోజుకో పని తప్పకుండా పెట్టుకోండి. అమెరికాలో మిషిగన్ రాష్ట్రంలో 1960ల నుంచి హైస్కోప్ అనే పద్ధతి నడుస్తోంది. అందులో ఆటకి ముందు "ఇవాళ ఏం చేస్తావు?" అని పిల్లని అడుగుతారు, తర్వాత ఆడనిస్తారు, అయ్యాక "ఏం చేశావో చెప్పు" అంటారు. అంతే. పైసా ఖర్చు లేదు, 26 మందిని రోజూ అడగలేరు కాబట్టి ఏడెనిమిది మందిని వంతుల వారీగా అడగండి. పేరెంట్స్ సంగతంటారా, శనివారం పూట గంటసేపు లోపలికి రానివ్వండి, పిల్ల పని కళ్లారా చూశాక మీ దగ్గర ఎన్ని పుస్తకాలున్నాయని అడిగేవాళ్లు తగ్గుతారు. అందరూ ఆగుతారని మాత్రం చెప్పను.

ప్రశ్న: నేను మెళియాపుట్టి వైపు అంగన్‌వాడీ టీచర్‌ని. మా కేంద్రంలో సగం మంది సవర పిల్లలు. తెలుగులో కథ చెబితే గోడకేసి చూస్తారు. ప్లాన్ ప్రకారం చెప్పమంటారు పైనుంచి. ఏం చెయ్యను?

జవాబు: గోడకేసి చూడటం వాళ్ల తప్పు కాదమ్మా, మీ తప్పూ కాదు. మీ జిల్లాలోనే శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో 1863లో పుట్టిన గిడుగు రామమూర్తిగారు ఈ చిక్కు వందేళ్ల కిందటే చూసి, తనే సవర భాష నేర్చుకుని, ఆ పిల్లల కోసం వాళ్ల భాషలో వాచకాలు రాసి, బళ్లు పెట్టారు. మీరు అంత చెయ్యక్కర్లేదు. ఆ వాడలో ఒక అమ్మమ్మని వారానికి రెండు రోజులు పిలవండి, కథ ఆవిడ సవరలో చెబుతుంది, అదే కథ బొమ్మలతో మర్నాడు మీరు తెలుగులో చెప్పండి. మీరు కూడా ఇరవై ముప్పై మాటలు నేర్చుకోండి, ముఖ్యంగా ఆకలి, నొప్పి, ఒంటికి, అమ్మ. ఇవి రాకుండా మిగతావి ఎన్ని వచ్చినా పిల్ల మన దగ్గరికి రాదు. పైవాళ్లు అడిగితే, ఇంటి భాషలో మొదలుపెట్టమని 2020 జాతీయ విద్యా విధానమే చెబుతోందని అనండి. 2024లో అంగన్‌వాడీల కోసం వచ్చిన ఆధార్‌శిల అనే పాఠ్యప్రణాళికలో కూడా మొదటి నాలుగు వారాలు పిల్లలు కేంద్రానికి అలవాటు పడటానికే ఉంచారు, మీకు ఆ నాలుగు చాలవు, సాగదీసుకోండి.

ప్రశ్న: మా బాబుకి నాలుగేళ్లు. పక్కింటి పిల్లవాడు వంద దాకా రాస్తున్నాడు, మావాడు పెన్సిల్ పట్టుకుంటే చెయ్యి నొప్పంటాడు. స్కూలు మార్చాలా? (ఒక తండ్రి, పలాస)

జవాబు: చెయ్యి నొప్పి నిజమే బాబూ, ఆ వయసుకి మణికట్టు ఎముకలు ఇంకా పూర్తిగా గట్టిపడవు. పిండి పిసకనివ్వండి, కాగితం చించనివ్వండి, తడి ఇసుకలో వేలితో గీయనివ్వండి. చింతపిక్కలు ఐదైదుగా కుప్పలు పెట్టించండి, పక్కనే కూర్చుని, నోట్లో పెట్టుకోకుండా చూసుకోండి. మీ ఊరు కదా అని జీడిపిక్కలు మాత్రం ఇవ్వకండి, పెంకు రసం తగిలితే చేతులు పొక్కుతాయి. ఒకటో తరగతికి ఆరేళ్లు నిండాలని ఆ 2020 విధానమే అంటోంది, మీకింకా రెండేళ్లుంది. స్కూలు మార్చే ముందు ఒక రోజు వెళ్లి అక్కడ పిల్లలు ఎంతసేపు కూర్చుని రాస్తున్నారో చూసిరండి. అరగంట దాటితే మార్చండి.