శ్రీకాకుళం, విజయనగరంలో ఉండి డీప్ హౌస్ డీజేగా బతకొచ్చా? నా తొమ్మిదేళ్ల అనుభవం

ఆమదాలవలస తమ్ముడు అడిగింది ఇదీ: "డిప్లొమా అయింది. రెండేళ్లుగా ఎఫ్ఎల్ స్టూడియో (కంప్యూటర్లో సంగీతం చేసే సాఫ్ట్‌వేర్)లో డీప్ హౌస్ ట్రాకులు చేస్తున్నాను. ఇదే కెరీర్ అనుకుంటే బతకగలనా? ఇంట్లో ఏం చెప్పాలి?"

బతకగలవు, కాకపోతే డీప్ హౌస్ అనే ఈ మెత్తటి ఎలక్ట్రానిక్ డాన్స్ సంగీతం ఒక్కదాని మీదే కష్టం. నేను విజయనగరంలో తొమ్మిదేళ్లుగా ఈ పనిలోనే ఉన్నాను. ఇప్పటికీ నా అద్దె కట్టేవి పెళ్లిళ్లే.

ముందు ఇంటి సంగతి. మన జిల్లాల్లో డీజే అంటే మనిషి కాదు, బండి. "ఊరేగింపుకి డీజే పెట్టారు" అంటారు గానీ "డీజే వచ్చాడు" అనరు. బొలెరో మీద బాక్సులు, వెనక జనరేటర్, ముందు కుర్రాళ్లు. మా నాన్నకి తెలిసిన డీజే అదే. "ఇంజనీరింగ్ చదివించింది బాక్సులు మొయ్యడానికేట్రా?" అన్నారు. నిజంగానే రెండు సీజన్లు మోశాను, మా మావయ్య సౌండ్ సిస్టమ్‌లో. దానికి సిగ్గుపడను. ఇరుకు వీధిలో బేస్ ఎలా ముద్దయిపోతుందో, ఏ శబ్దానికి రేకులు అదురుతాయో, ఆపకుండా దంచితే జనం ఎంతసేపట్లో అలిసిపోతారో అక్కడే తెలిసింది. ఏ ఆన్‌లైన్ కోర్సులోనూ ఇది దొరకలేదు.

ఇక డీప్ హౌస్. హౌస్ సంగీతం పుట్టింది చికాగోలో. 1977లో తెరిచిన వేర్‌హౌస్ అనే క్లబ్బులో ఫ్రాంకీ నకుల్స్ పాటలు వేసేవాడు, ఆ క్లబ్బు పేరులోంచే "హౌస్" వచ్చిందంటారు. దాన్ని మెత్తగా, లోతుగా మార్చినవాళ్లలో ముందు చెప్పాల్సిన పేరు లారీ హర్డ్. ఆయన మొదట బ్యాండ్లలో డ్రమ్మర్. 1980ల మధ్యలో ఒక సింథసైజరు, ఒక డ్రమ్ మిషన్ దగ్గర పెట్టుకుని చేసిన ట్రాకులు ఈ శైలికి పునాది. అందుకే సామాన్లు లేవని బాధపడకు. లాప్‌టాప్, మంచి హెడ్‌ఫోన్స్, చిన్న కీబోర్డు చాలు. నా స్టూడియో మేడ మీద గది. మూలల్లో పాత దూది పరుపులు నిలబెట్టాక గానీ బేస్ సరిగా వినపడలేదు.

నేను తడబడింది కార్డ్స్ దగ్గర, అంటే ఒకేసారి మోగించే స్వరాల గుంపుల దగ్గర. మా ఊళ్లో 1919 నుంచి సంగీత కళాశాల ఉంది, ఆదిభట్ల నారాయణదాసు గారు మొదటి ప్రిన్సిపాల్. అక్కడ కొంతకాలం మృదంగం నేర్చుకున్నాను, లయ బాగా పట్టుబడింది. కానీ డీప్ హౌస్ నడిచేది ఒకేసారి నొక్కే నాలుగైదు స్వరాల మీద, మన చెవికి ఆ అలవాటు తక్కువ. చివరికి నాకు నేనే ఇలా చెప్పుకున్నాను: మైనర్ సెవెంత్ అనే కార్డ్ అంటే షడ్జం, సాధారణ గాంధారం, పంచమం, కైశికి నిషాదం. పైన చతుశ్రుతి రిషభం కలిపితే నైన్త్. అయిదూ ఖరహరప్రియలోవే! ఆ రోజు సాయంత్రం నుంచి భయం పోయింది.

మన ఊరి శబ్దం కలపాలన్న ఆశ నీకూ ఉండే ఉంటుంది. నేను గజపతినగరం వైపు ఒక జాతరలో తప్పెటగుళ్లు రికార్డు చేశాను. గుండె మీద కట్టుకున్న రేకు తప్పెట్లని రెండు చేతులతో కొడుతూ ఆడతారు కదా, ఆ శబ్దంలో మెరుపు ఏ డ్రమ్ మిషన్‌లోనూ లేదు. ఇంటికొచ్చి నిమిషానికి 122 దెబ్బల టెంపోలో పెడితే ఎక్కడా కుదరలేదు. వాళ్లు ఆడేకొద్దీ నడక పెరుగుతుంది, ఆ ఆటకి ప్రాణమే అది. డీప్ హౌస్‌లో మాత్రం కిక్, అంటే లావుపాటి డ్రమ్ దెబ్బ, మొదటి నుంచి చివరిదాకా ఒక్క వేగం మీదే ఉండాలి. సాఫ్ట్‌వేర్‌తో సాగదీస్తే రేకు శబ్దం నీళ్లలో మోగినట్టు వచ్చింది. పదకొండు రాత్రులు కూర్చుని ఎనిమిదేసి దెబ్బల ముక్కలుగా కోశాను. కొన్నింటిని కావాలనే కిక్ కన్నా కొంచెం ముందు పడనిచ్చాను. ఆ తొందర ఉంటేనే అవి తప్పెటగుళ్లలా వినిపించాయి. బృందానికి డబ్బిచ్చి, వాడుకుంటానని కాగితం మీద రాయించుకున్నాను. నువ్వూ అలాగే చెయ్యి, ఊరికే ఫోన్‌లో పట్టుకొచ్చి అమ్ముకోకు.

ఆ ట్రాక్‌ని విదేశీ లేబుల్ (పాటలు విడుదల చేసే కంపెనీ) ఒకటి తీసుకుంది. ఖర్చులు పోగా సగం సగం అన్నారు. మొదటి ఏడాది నాకొచ్చింది మూడు వేలు కూడా లేదు. అదే ఏడాదిలో భీమిలి దగ్గర ఒక హల్దీ ఫంక్షన్‌కి పద్దెనిమిది వేలిచ్చారు. లెక్క అలా ఉంటుంది. అంతకుముందు ఇంకో లేబుల్‌కి ఒప్పందం చదవకుండా సంతకం పెట్టాను. ఆ రెండు ట్రాకులూ ఇక శాశ్వతంగా వాళ్లవే. ఎన్నేళ్లకి ఇస్తున్నావో, రీమిక్స్ హక్కు ఎవరిదో చూడకుండా సంతకం పెట్టకు. సొంత ట్యూన్లు బయటకి వస్తున్నప్పుడు పాటల రాయల్టీ వసూలు చేసిపెట్టే ఐపీఆర్ఎస్ సంఘంలో సభ్యత్వం తీసుకో. సినిమా పాటకి చేసిన రీమిక్స్‌ని మాత్రం అనుమతి లేకుండా అమ్మడం కుదరదు.

విశాఖలో ఒక చోట ఆరు శుక్రవారాలు వాయించాను, నాలుగింటికి ఇప్పటికీ డబ్బు రాలేదు. అప్పటి నుంచి సగం అడ్వాన్స్ రానిదే బ్యాగ్ సర్దను. పైగా క్లబ్బుల్లో డీప్ హౌస్ వేయనిచ్చేది జనం ఇంకా రాని మొదటి గంటన్నరే. పది దాటితే కమర్షియల్ పాటలు అడుగుతారు. నాకా మొదటి గంటన్నరే ఇష్టం, అది వేరే సంగతి. ఊళ్లో పెళ్లిళ్లకైతే రాత్రి పది తర్వాత మైకు ఆపాల్సిందే, రూలు అది. పెళ్లివారు ఎంత బతిమాలినా సరే, పోలీసులొస్తే పట్టుకెళ్లేది నీ సామాన్లే.

ఇంట్లో ఉద్యోగం వెతకమంటే వెతుకు, గొడవ పడకు. నేను మూడేళ్లు పగలు ఒక మొబైల్ షాపులో పనిచేశాను. ట్రాకులు రాత్రిళ్లే చేశాను. నెలనెలా ఇంట్లో అయిదు వేలు పెట్టడం మొదలయ్యాక నాన్న బాక్సుల మాట ఎత్తలేదు.

నువ్వు పంపిన లింకు విన్నాను. బేస్ బాగుంది. కానీ మొదటి సెకనులోనే గొంతు పెట్టేశావు. ఇంకో డీజే దాన్ని ఎక్కడ కలుపుకోవాలి? ముందు ముప్పై రెండు దెబ్బలు కిక్, హైహ్యాట్ (సన్నటి తాళం శబ్దం) మాత్రమే ఉంచు, చివర కూడా అంతే. అది సరిచేసి ఒక ఆదివారం రైలెక్కి విజయనగరం రా, పరుపుల గదిలో కూర్చుని విందాం. పెన్‌డ్రైవ్‌లో వేవ్ ఫైల్ తెచ్చుకో, వాట్సాప్‌లో పంపకు.