చైను వదులు: కొలిచేదా, వదిలేసేదా?

సందేహం: ఈమధ్యే స్పోర్ట్ బైకు కొన్నాను. దాంతో ఇచ్చిన పుస్తకంలో 'చైన్ స్లాక్' 25 నుంచి 35 మి.మీ. ఉండాలని ఉంది. దీన్ని ఒకచోట 'గొలుసు సడలింపు' అని తెలుగు చేశారు. మా నాన్న 'వదులు' అంటాడు, మెకానిక్ 'లూజు' అంటాడు. వదులు క్రియ కదా, దాన్నెలా కొలుస్తాం? మా ఇంట్లో 'ఒదులు' అనే పలుకుతారు, అది తప్పా? (తిరుపతి నుంచి ఒక పాఠకుడు)

సమాధానం: మీ నాన్న మాటే సరి. మెకానిక్‌ది కూడా తప్పు కాదు. తేడా వచ్చిందల్లా 'సడలింపు'తోనే.

సడలడం అంటే దానంతటది వదులు కావడం, సడలించడం అంటే ఎవరో పూనుకొని వదులు చేయడం. ఆ చేసే పని పేరు సడలింపు. కరోనా రోజుల్లో ఆంక్షల సడలింపు అని రోజూ విన్నాం కదా, అదే. ధరల తగ్గుదల వేరు, ధరల తగ్గింపు వేరు. బిగువు వేరు, బిగింపు వేరు. మీ పుస్తకం చెబుతున్నది ఎవరో చేసే పని గురించి కాదు, చైనులో ఎప్పుడూ ఉండాల్సిన గుణం గురించి. ఎవరైనా పండితుణ్ణి అడిగితే 'శైథిల్యం' అనేవాడేమో. సంస్కృతంలో శిథిలం అంటే వదులైనది అనే అర్థం ఉన్నమాట నిజమే, కానీ మనకు శిథిలం అంటే కూలిన కోటగోడే, బండి పాతసామాన్ల కొట్టుకు పోవాల్సిందే అనుకుంటాం. గొలుసు కూడా వద్దు, పేపర్లో గొలుసు దొంగలే గుర్తొస్తారు. చైను అనే రాయండి.

'చెయ్యి వదులు' అన్నప్పుడు అది క్రియ, 'ఉంగరం వదులైంది' అన్నప్పుడు కాదు. రూపం ఒకటే, పని వేరు. కొలవడమంటారా, టైలరు 'ఒక అంగుళం లూజు పెట్టమంటారా' అని అడగడూ? అక్కడ లూజు లోపం కాదు, ఒంటికి కావాల్సిన వీలు. కుక్కిమంచంలో నులక జారిపోయిందే, ఆ వదులు లోపం. మనకు రెంటికీ ఒకటే మాట కావడంతో వదులు అనగానే బిగించెయ్యాలనిపిస్తుంది, చిక్కంతా అక్కడే.

చైనుకు ఆ వీలు ఎందుకంటే, వెనక ఒకర్ని కూర్చోబెట్టుకుని అలిపిరి దాటి ఘాట్ రోడ్డు ఎక్కుతున్నారనుకోండి, బరువుకు బండి వెనకభాగం దిగుతుంది, వెనక చక్రం ఇరుసూ, స్వింగ్ ఆర్మ్ (వెనక చక్రాన్ని పట్టుకుని పైకీ కిందికీ ఆడే చట్రం) తిరిగే బోల్టూ, ముందరి స్ప్రాకెట్టూ (చైను ఎక్కే పళ్ళచక్రం) ఒకే గీత మీదికొచ్చేసరికి రెండు స్ప్రాకెట్ల మధ్య దూరం అన్నిటికన్నా ఎక్కువవుతుంది. ఖాళీ బండికే చైను బిర్రుగా ఉంటే అప్పుడిక సాగడానికి ఏముంటుంది? ఆ లాగుడంతా గేర్‌బాక్స్ షాఫ్టు బేరింగు మీద పడుతుంది. మరీ వదులైతే చైను స్ప్రాకెట్ మీంచి ఊడిపోవచ్చు, అదీ ప్రమాదమే.

నేను మెకానిక్‌ని కాను, దెబ్బతిని నేర్చుకున్నవాణ్ణి. నా వంద సీసీ బండి తీసుకుపోయి 'బాగా టైట్ చెయ్ నైనా' అన్నాను. చెప్పినట్టే చేశాడు పాపం. కరకంబాడి రోడ్డెక్కేసరికి గుయ్‌మని ఒకటే మోత, వెనక్కి తెచ్చి మళ్ళీ వదులు చేయించుకున్నా. తప్పు అతని చేతిది కాదు, నా మాటది. 'లూజు తియ్యి' అన్నా అంతే, మొత్తం తీసేస్తారు. 'చైను వదులు సరిచూడు' అనండి, అంకె కూడా చెప్పండి. అంకె బండిని బట్టి మారుతుంది, పక్కవాడి బైకుది పనికిరాదు. కొలవాల్సింది స్టాండు మీదా, చక్రం లేపా అన్నదీ మీ పుస్తకంలోనే చూడండి.

తెలుగులో రాయాల్సి వస్తే నేనైతే ఇలా రాస్తాను: 'చైను కింది వైపు, రెండు స్ప్రాకెట్లకు నడిమధ్య, వేలితో కిందికి నొక్కి పైకి ఎత్తితే అడుగు నుంచి పైదాకా మొత్తం 25 నుంచి 35 మి.మీ. కదలాలి. చక్రం తిప్పుతూ చైను ఎక్కువ బిగువుగా ఉన్నచోట కొలవాలి.' ఇందులో 'మొత్తం' తీసేస్తే కిందికొక 30, పైకొక 30 అనుకునేవాళ్ళుంటారు.

'ఒదులు' తప్పేం కాదు. వద్దును ఒద్దు అనీ, వడ్లను ఒడ్లు అనీ పలికే నోటికి అది సహజం. రాసేటప్పుడు మాత్రం 'వదులు' అని రాయండి.