జపాన్‌లో డిపెండెంట్ వీసా మీద ఇంట్లో ఇంగ్లిష్ ట్యూషన్లు చెప్పుకోవచ్చా?

టోక్యోలో డిపెండెంట్ వీసా మీద ఉన్నాను, ఇంట్లోనే జపాన్ పిల్లలకు ఇంగ్లిష్ చెప్పుకోవచ్చా, మనం నేటివ్ స్పీకర్లం కాదు కదా, ఎవరైనా వస్తారా అని అడిగారు. చెప్పుకోవచ్చండి, వస్తారు కూడా. నేనూ అదే వీసా మీద వచ్చాను, ఎదొగావా వార్డులో అద్దె ఫ్లాట్‌లో కొన్నేళ్లుగా చెబుతున్నాను.

ముందు పర్మిషన్ సంగతి. వారానికి 28 గంటల పర్మిషన్ ఉంటే ఏ పనైనా చేసుకోవచ్చని మనవాళ్లలో చాలామంది చెబుతారు, అది నమ్మి మొదలుపెట్టకండి. ఆ మామూలు పర్మిషన్ గంటల లెక్కన జీతమిచ్చే ఉద్యోగాలకు, అంటే షాపుల్లో, హోటళ్లలో చేసే పనికి సరిపోతుంది. సొంతంగా నడుపుకునే ట్యూషన్‌లో ఎన్ని గంటలు పనిచేశారో బయటివాళ్లు సరిచూడలేరు కాబట్టి దానికి ‘కొబెత్సు క్యోకా’ అనే ప్రత్యేక పర్మిషన్ విడిగా తీసుకోవాలి. ఎవరికి చెబుతారు, ఎక్కడ, వారానికి ఎన్ని గంటలు, ఎంత ఫీజు, నెలకు ఎంత రావచ్చు అన్నది ఒక కాగితం మీద పద్ధతిగా రాసుకుని ఇమిగ్రేషన్ ఆఫీసుకి వెళ్లండి. అప్లికేషన్‌కి ఫీజు లేదు. అది చేతికొచ్చేదాకా ఒక్క యెన్ కూడా తీసుకోకండి, రేపు వీసా పొడిగింపు దగ్గర ఇబ్బంది పడేది మీరూ మీవారూ ఇద్దరూ. అద్దె అగ్రిమెంట్ కూడా ఒకసారి చదవండి, నివాసానికి మాత్రమే అని ఉంటుంది. బోర్డు పెట్టను, ఒకసారికి ఇద్దరు ముగ్గురు పిల్లలే వస్తారు అని చెప్పి ఇల్లు చూపించిన ఏజెన్సీ ద్వారా ఓనర్ ఒప్పుకోలు రాతపూర్వకంగా తీసుకుంటే మనసు నిమ్మళంగా ఉంటుంది.

ఇక నేటివ్ స్పీకర్ భయం. అమెరికన్ టీచరే కావాలనుకునేవాళ్లు ఎలాగూ మన దగ్గరికి రారు, వాళ్ల గురించి టెన్షన్ పడొద్దు. 2020 నుంచి ఇక్కడ ప్రైమరీ స్కూల్లో 5, 6 తరగతులకు ఇంగ్లిష్ మార్కులుండే సబ్జెక్ట్ అయింది. దాంతోపాటు పిల్లల చేత ‘ఎయికెన్’ అనే ఇక్కడి ఇంగ్లిష్ స్థాయి పరీక్ష రాయించాలన్న ఆరాటం తల్లిదండ్రుల్లో బాగా ఉంది. 5వ గ్రేడ్ నుంచి 4, 3 అని పైకి వెళ్తారు, 3 నుంచి ఇంటర్వ్యూ కూడా ఉంటుంది. నేను పదో తరగతి దాకా తెలుగు మీడియంలో చదివాను, ఆ సంగతి మొదటి రోజే తల్లులకు చెబుతాను. ఈ భాష కష్టపడి నేర్చుకున్నాను కాబట్టి పిల్లాడు ఎక్కడ ఆగిపోతాడో నాకు ముందే తెలుస్తుంది, ఎందుకు ఆగాడో వివరించి చెప్పగలను. ఇదే మన బలమని నేను గట్టిగా నమ్ముతాను.

ఉచ్చారణలో కూడా మనకో వీలుంది. మనం బస్సు, రోడ్డు, బెంచీ అని చివర అచ్చు చేర్చి పలికినట్టే వాళ్లూ బస్, డెస్క్, మిల్క్‌లను బసు, దెసుకు, మిరుకు అంటారు. ఆ అలవాటు ఎలా పోతుందో మనకి ఒంటికి తెలుసు. చివరి హల్లు దగ్గర పిడికిలి బిగించి ఆగమంటాను, పిల్లలకు అది ఆటలా ఉండి త్వరగా పట్టుకుంటారు. ర, ల తేడా వాళ్ల చెవికి అందదు, మన భాషలో రెండూ ఉన్నాయి కాబట్టి ఓపిగ్గా వినిపించగలం. వి, డబ్ల్యూ మాత్రం మనకీ ఒకటే ‘వ’, ఆ రెండింటికీ ఆడియో పెట్టండి.

ఇంకో విషయం, ఇక్కడి పిల్లలు తప్పు వస్తుందేమో అనుకుంటే నోరు విప్పరు. ఒక్కణ్ణి లేపి జవాబు చెప్పమంటే తల దించుకుని అలాగే నిలబడిపోతాడు. ముందు అందరిచేతా కలిపి చెప్పించండి, తర్వాత ఇద్దరిద్దరి చేత, ఆ తర్వాతే విడిగా. తల్లులు కూడా నచ్చకపోతే నచ్చలేదని చెప్పరు, దణ్ణం పెట్టి మర్యాదగా మానిపించేస్తారు, అందుకే నెలకోసారి పిల్లాడు ఏం నేర్చుకున్నాడో రెండు ముక్కలు నేనే రాసి పంపిస్తాను.

ఫీజు ఏ నెలకానెల తీసుకోండి. భాష నేర్పే కోర్సు రెండు నెలలు దాటి, మొత్తం 50,000 యెన్లు మించితే చట్టప్రకారం కాంట్రాక్ట్ కాగితాలివ్వాలి, 8 రోజుల్లోపు రద్దు చేసుకునే హక్కు కూడా వాళ్లకుంటుంది. ఇంట్లో నడిపే చిన్న ట్యూషన్‌కి ఆ తలనొప్పి ఎందుకు? రాని క్లాసుకి బదులు క్లాసు ఉంటుందా లేదా, ముందురోజు చెబితే ఎలా, అప్పటికప్పుడు చెబితే ఎలా అన్నది మొదట్లోనే జపనీస్‌లో రాసిచ్చేయండి. ఫ్లూ సీజన్‌లో తరగతి మొత్తం సెలవిచ్చేస్తారు, అప్పుడు గొడవ రాకుండా ఉంటుంది.

స్కూలు ఏడాది ఏప్రిల్‌లో మొదలవుతుంది కాబట్టి ట్రయల్ క్లాసులు ఫిబ్రవరి, మార్చిలో పెట్టుకుంటే పిల్లలు తొందరగా దొరుకుతారు. రసీదులన్నీ దాచుకోండి, ట్యాక్స్ రిటర్న్ ఫిబ్రవరి 16 నుంచి మార్చి 15 లోపు వేయాలి. మీరు మీవారి హెల్త్ ఇన్సూరెన్స్‌లో ఉంటే ఏడాదికి 13 లక్షల యెన్ల ఆదాయ పరిమితి కూడా చూసుకోవాలి. సొంత పనిలో ఖర్చులు ఏవి తీసేసి లెక్కేస్తారన్నది ఒక్కో ఇన్సూరెన్స్ సంస్థలో ఒక్కోలా ఉంటుంది, ఆయన కంపెనీ ద్వారా ముందే అడిగించండి.