చిన్నీ, నరం ఒక్కసారి కోసి ఊకోకు

చిన్నీ,

నువ్వు వియన్నాకు పోతున్నవని, ఆక్సొలాటల్ అనే, బల్లి లెక్కుండే నీళ్ళ జీవికి తెగిన కాళ్ళు మల్ల మొలుసుట్ల నరాల పనేందో చూస్తవని నిన్న మీ బాపు ఫోన్ల చెప్పిండు. వాడకట్టంత చెప్పుకున్న, రాత్రి మాత్రం నిద్ర పట్టలే. ఇన్నేండ్లు హనుమకొండల జువాలజీ చెప్పినదాన్ని, ఊకుందామంటే మనసున పట్టది.

నీళ్ళల్ల క్లోరిన్ ఉండొద్దు, 16-18 డిగ్రీలు చాలు. మత్తు పూర్తిగ ఎక్కినంకనే కత్తి పట్టు, కాలు గిల్లితే అది ఇసుమంత కదిలినా ఆగు. ఈ విషయంల తొందర పడ్డవని తెలిస్తే ఊకోను, ముందే చెప్తున్న.

ఇగ అసలు సంగతి. నరం కోస్తే కాలు మొలవదని 1823లనే టాడ్ అనే శాస్త్రవేత్త చూసిండు. తర్వాత మార్కస్ సింగర్ అనే ఇంకో శాస్త్రవేత్త తేల్చింది ఏందంటే, అది స్పర్శ నరమా, కదిలించే నరమా అన్నది కాదు, గాయం దాక సరిపడ నరం పోగులు రావాలె. ఇవన్నీ చదివిన మనిషే, మా ల్యాబ్ల ఒక సీనియర్, నరం కోసి ముందు కాలు తీసిండు, గాయం మీద తోలు మంచిగనే కప్పింది, బ్లాస్టిమా, అంటే కొత్త కాలు తయారయ్యే కణాల మొగ్గ, మాత్రం లేవలే. కొన్నాళ్ళకు చూస్తే మొగ్గ లేచింది, వేళ్ళు కూడ వచ్చినై. నరం లేకున్నా మొలుస్తది, కాకపోతే ఆలస్యం అని థీసిస్‌ల చాప్టర్ రాసిండు. ఆఖరికి ఆ కాలును పల్చటి సెక్షన్లుగ కోసి, రంగేసి (స్టెయిన్ చేసి) చూస్తే లోపల నరం పోగులే పోగులు! కోసిన నరం పెరుక్కుంట కొసదాక వచ్చేసింది, ఈయన చూసింది నరం లేని కాలు కాదు, నరం ఆలస్యంగ చేరిన కాలు. చాప్టర్ మొత్తం పోయింది, మనిషి సగమైండు.

అందుకే ముందు కాలుకొచ్చే 3, 4, 5 వెన్ను నరాలు మూడూ కోయి, మల్ల పెరగకముందే మల్ల కోయి. పోల్చి చూసుటానికి రెండో పక్క అదే తీరు తెరిచి, నరం కోయకుంట మూసెయ్యి. మొగ్గ పెద్దగైనంక నరం కోస్తే చిన్నగనైనా వేళ్ళు వస్తయి, అందుకే ఏ దశల కోసినవో రాసిపెట్టు. అసలు పిండం నుంచే నరం అందని కాలు నరం లేకుంటనే మొలుస్తదని 1959ల యింటెమా అనే శాస్త్రవేత్త చూపిండు, దీని మీద నిన్ను తప్పక అడుగుతరు.

నరమంటే నొప్పి తెలుసుడే అనుకుంటరు మనోళ్ళు. షుగర్‌తోని మీ మామకు అరికాలు స్పర్శ పోయి, చెప్పుల మొల దిగినా తెల్వలే, ఆ పుండు ఎంతకూ మానలే. నరం కోసిన న్యూట్ (ఆక్సొలాటల్‌కు చుట్టమే) కాలుకు ఎన్‌ఏజీ అనే ప్రోటీన్ అందిస్తే మొలిచిందని 2007ల బ్రాక్స్ అనే శాస్త్రవేత్త, ఆయన ల్యాబ్ వాళ్ళు రాసింది చదివి, మనుషులకు ఇప్పట్ల కాదని తెలిసి కూడ మీ మామకు చెప్పిన. నీ పని అంటే నాకు గంత ఆశ బిడ్డా.

పోయేలోపు ఒక ఆదివారం రా. చౌరస్తల కోడి తొడలు నాలుగు తీస్కరా, కండల నడుమ తెల్లగ దారం లెక్క నరం ఉంటది, పక్కనున్న రక్తనాళం తెగకుంట ఫోర్‌సెప్స్‌తోని తీసుడు నా ముంగట నేర్చుకో. నాళం తెగితే కాలు రక్తం లేక చెడ్తది, ఇగ నరం గురించి నువ్వు ఏం చెప్పినా ఎవలు నమ్మరు.

మీ అత్త