ఆర్గాన్‌లోని మంద్రస్వరాలు

ప్రశ్న: అమెరికన్ జాజ్ ఆర్గాన్ వాద్యకారుడు జిమ్మీ స్మిత్ 1960లో రికార్డు చేసిన ‘బ్యాక్ ఎట్ ది చికెన్ షాక్’ ఆల్బమ్‌లో బేస్ వాద్యకారుడి పేరు లేదు, అయినా మంద్రస్వరాలు స్పష్టంగా వినిపిస్తున్నాయి. అవి ఎవరు వాయించారు?
– ఒక పాఠకుడు, పర్లాకిమిడి, ఒడిశా

జవాబు: స్మిత్ స్వయంగా వాయించారు. మీ ఊరి భజనల్లో హార్మోనియం వాయించేవారి ఎడమచేయి తిత్తి ఊదడానికే సరిపోతుంది. హేమండ్ బి-3 ఆర్గాన్ విద్యుత్తుతో పలుకుతుంది కనుక, ఆయన కుడిచేత్తో స్వరకల్పన చేస్తూ, ఎడమచేత్తో బేస్ వరుసను ఎడతెగకుండా నడిపిస్తూ, పాదంతో ఆర్గాన్ కింది మంద్రస్వరాల పెడళ్లను తాకి ఆ వరుసకు బిగువు తెచ్చేవారు. స్టాన్లీ టరెంటైన్ శాక్సొఫోన్, కెన్నీ బరెల్ గిటార్, డొనాల్డ్ బెయిలీ డ్రమ్స్ వాయించారు. బ్లూస్ నడక ఇంత నిండుగా పలికిన సోల్-జాజ్ (బ్లూస్, చర్చి గీతాల ఛాయలున్న జాజ్) రికార్డులు నా దృష్టిలో అరుదు. ఆల్బమ్ పేరిటి పాటను మంచి హెడ్‌ఫోన్లతో, ఆ ఎడమచేతి వరుసనొక్కదాన్నే పట్టుకుని వినండి.